విలన్ దిగిన మెట్లు

నాగావళి ఒడ్డున కూర్మదాసు స్వామివారి ఆశ్రమం. అక్కడి శిష్యుడు విశ్వపతికి ఆ ఉదయం ఒకటే పట్టుదల: పొద్దు నెత్తికెక్కేలోగా పాలేరు అప్పలకొండని ఆశ్రమం నుంచి పంపించెయ్యాలి.

కారణం లేకపోలేదు. మూడు రోజులుగా ముసురు. ఆ ముసురులోనే అప్పలకొండ నారుమడి గట్టుకి గండి కొట్టేశాడు. నీళ్ళన్నీ బయటికి పోతున్నాయి. అది చూసి విశ్వపతి "విలన్!" అని అతని మొహానే అరిచి, మూట సర్దుకోమని చెప్పి, స్వామివారి దగ్గరికి పరుగెత్తాడు. బి.ఏ. చదివినవాడు కదండీ, తిట్టు కూడా ఇంగ్లీషులోనే వచ్చింది.

స్వామివారు అంతా విన్నారు.

"విలనంటే సినిమాల్లో ఉంటాడే, అతనా?"

"అవును స్వామీ. పరమ దుర్మార్గుడు."

"ఆ మాట ఎక్కడ పుట్టిందో కాస్త చూడు నాయనా."

విశ్వపతి హుషారుగా దిండంత నిఘంటువు తెచ్చాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు.

"మొదట్లో... దొరగారి పొలంలో పనిచేసే మనిషి, అంతే స్వామీ. తరవాత మోటువాడన్నారు. ఆపైన నీచుడన్నారు. ఇప్పుడు దుర్మార్గుడు."

"అయ్యో పాపం, ఒక్కో మెట్టే దించేశారే! ఎవరు దించారో రాశారా?"

"లేదు స్వామీ."

స్వామివారు మూలనున్న పార తీసి శిష్యుడి చేతికిచ్చారు.

"ముందు నువ్వెళ్ళి ఆ గండి పూడ్చు. తరవాత అతన్ని పంపించేద్దాం."

విశ్వపతి పంచె ఎగ్గట్టాడు. మట్టి తవ్వి, పోసి, కాలితో తొక్కి, గంటలో గండి పూడ్చేశాడు. నడుం పట్టేసింది గానీ మనసు నిండింది. గట్టు మీద చతికిలబడ్డాడు.

ఎగువ నుంచి వాననీరు వస్తూనే ఉంది. నారు మొదళ్ళు మునిగాయి. నడుములు మునిగాయి. పచ్చటి కొసలు మిగిలాయి, అవీ ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఆ మడి పోతే ఆ ఏడు ఆశ్రమంలో అన్నం లేదు.

విశ్వపతి ఉలిక్కిపడి లేచాడు. పార ఎత్తి, తను కట్టిన గట్టుకి తనే గండి కొట్టాడు.

తలదాకా బురదతో తిరిగొచ్చేసరికి వాకిట్లో అప్పలకొండ నెత్తిన మూటతో నిలబడి ఉన్నాడు.

"ఎల్లొస్తాను బాబూ."

"నారు మునిగిపోతోందని పొద్దున్నే చెప్పొచ్చు కదయ్యా!"

"సెప్పబోతే తవరు ఇంగిలీసులో ఏదో అన్నారు. సదువుకున్నోరి మాట గదా, నిజమే గావాలని ఊరుకున్నాను."

అరుగు మీద స్వామివారు నిఘంటువు మూసి పక్కన పెట్టారు.

విశ్వపతి ఆ మూట అందుకుని, తన నెత్తిన పెట్టుకుని, ఆశ్రమం పెరట్లో ఉన్న అప్పలకొండ పాకవైపు నడిచాడు.