పానకాలు చూసిన రెండు వేగాలు

మంగళగిరిలో చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పానకాలు మనసున్న మనిషే గానీ, దేన్నయినా ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసే రకం. పైగా ఆయన మాటంటే నేత సంఘంలో అందరికీ గురి. అదే వచ్చిన చిక్కు!

ఆయన కొత్త కంప్యూటర్ హైమావతి దగ్గర తీసుకున్నాడు. ఆవిడ ఏడాది కిందటే ఊళ్లో చిన్న షాపు పెట్టింది. విడిభాగాలు తెచ్చి తానే బిగించి ఇచ్చేది. నేతగాళ్ల ఆడపిల్లలకు కంప్యూటర్ డిజైన్లు నేర్పే పని ఆవిడకు అప్పగించాలని సంఘం అనుకుంటోంది. హైమావతికి ఆ పని మీదే ప్రాణం. అప్పుడే పాఠాలు కూడా రాసి పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే పానకాలుకు కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ వేగం ఎంతో చూడాలనిపించింది. పరీక్షంటే పద్ధతిగా ఉండాలి కదా అని, తెరిచి ఉన్న డిజైన్లన్నీ మూసేశాడు. వేగం చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచాడు. ఎనిమిది వందల మెగాహెర్ట్జ్‌లు అంది. హైమావతి వేసి ఇచ్చిన మరో సాఫ్ట్‌వేర్ తెరిచాడు. మూడు వేల ఆరు వందలు అంది!

"ఓహో, అదా సంగతి! పాత ప్రాసెసర్ బిగించి, పెద్ద అంకె చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి నా కళ్లకు గంతలు కట్టిందన్నమాట," అన్నాడు.

ఆయన భార్య రాజ్యం టీ తెచ్చి, "ఆ అమ్మాయినే ఓ మాట అడగొచ్చు కదండీ?" అంది.

"అడిగేదేముంది? కళ్లారా చూశాను కదా!" అని, టీ అయినా తాగకుండా సంఘం ఆఫీసుకు బయల్దేరాడు.

అక్కడ పదిమందిలో చెప్పేశాడు. ఇంకేముంది, అధ్యక్షుడు బసవయ్య ముఖం ముడుచుకున్నాడు. "మోసం చేసే మనిషికి పిల్లల్ని ఎలా అప్పగిస్తాం? ఇంకెవరినైనా చూద్దాం," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆ మాట హైమావతి చెవిన పడింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లతో పానకాలు ఇంటికి వచ్చింది.

"నేను మోసం చేశానా బాబాయ్? ఏం చూశారో నాకూ చూపించండి," అంది.

పానకాలు అన్నీ మూసి, మళ్లీ రెండు అంకెలూ చూపించాడు. హైమావతి ఒక్క క్షణం తేరిపార చూసింది.

"ఇప్పుడు కంప్యూటర్ ఏం పని చేస్తోంది బాబాయ్?"

"ఏమీ లేదు. పరీక్ష కదా, అన్నీ ఆపేశాను."

అంత బాధలోనూ ఆవిడకు నవ్వొచ్చింది. "నేతగాడు మగ్గం మీంచి లేచి అన్నానికి వెళ్లాక, నిమిషానికి ఎన్ని పోగులు నేస్తున్నాడో లెక్కపెడతారా ఎవరైనా? పని లేనప్పుడు ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. వేడెక్కదు, కరెంటూ తక్కువ కాలుతుంది. మొదటిది చెబుతున్నది ఈ క్షణంలో ఉన్న వేగం. రెండోది చెబుతున్నది తయారుచేసినవాళ్లు దానికి రాసిన మామూలు వేగం, పని ఎక్కువైతే కాసేపు దాన్నీ దాటుతుంది. మీ పెద్ద కొంగు డిజైను ఒకటి తెరిచి, రంగులు మార్చి చూడండి."

పానకాలు అలాగే చేశాడు. మొదటి సాఫ్ట్‌వేర్‌లో అంకె గబగబా పెరిగింది. వెయ్యి, రెండు వేలు, మూడు వేల ఆరు వందలు... దాన్నీ దాటింది! రంగులు మారడం పూర్తవగానే చల్లగా ఎనిమిది వందలకు దిగిపోయింది.

పానకాలు తల పట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, ఎంత మాట అనేశాను! రెండూ నిజమే చెప్పాయి. తొందరపడింది నేనే. క్షమించమ్మా!"

"నాతో అంటే ఏం లాభం బాబాయ్? అన్నచోటే అనండి," అంది హైమావతి.

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. పదిమందిలో తప్పు ఒప్పుకోవాలంటే ప్రాణం చచ్చిపోయింది. అయినా సాయంత్రం వెళ్లి, పొద్దున ఉన్నవాళ్లందరినీ మళ్లీ పిలిపించాడు. "నేను చెప్పింది తప్పు. హైమావతి ఇచ్చిన కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. తెలియక నోరు పారేసుకున్నాను," అన్నాడు.

"ఆ కనుక్కునేదేదో ముందే కనుక్కోవద్దూ పానకాలూ? బంగారంలాంటి మనిషిని పోగొట్టుకునేవాళ్లం!" అన్నాడు బసవయ్య. పిల్లలకు నేర్పే పని ఆ పూటే హైమావతికి అప్పగించారు. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అప్పటినుంచి పానకాలు ఏ మాట చెప్పినా, "కనుక్కున్నావా?" అని అందరూ ఆటపట్టించేవారు. ఆయనా హాయిగా నవ్వేసేవాడు.

నీతి: రెండు మాటలు పొసగనంత మాత్రాన ఒకటి అబద్ధమని తేల్చేయకూడదు, ఎవరి మీదైనా నింద వేసే ముందు వారినే అడిగి నిజం తెలుసుకోవాలి.