తలకిందులైన కుర్చీకాలు

అనగనగా ఓ ఊరు, ఆ ఊరికి ఓ రాజు. రాజు తాటిచెట్టంత పొడుగు. వాళ్ళమ్మేమో మన మంగంత ఉంటుంది. నవ్వకే, నిజంగానే. ఆ ఇంట్లో ఆసనాలన్నీ రాజు కొలతకి చేసినవే గనక, పెద్దావిడ ఎక్కి కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడేవి, కాసేపటికి తిమ్మిరెక్కేవి. అందుకని ఎవరొచ్చినా ఆవిడ గోడవార చాపమీదే. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, నేను మర్చిపోతే మీరు అందించాలి.

ఒకనాడు రాజుకి సావిట్లోకి కొత్త సామాను చేయించాలని బుద్ధి పుట్టింది. కూర్చోడానికి ఒక పొడుగాటి బల్ల, రెండు కుర్చీలు, మధ్యన ఒక మేజా. నాలుగూ ఒకే చెట్టువి కావాలి, ఒక్క కడుపున పుట్టినట్టుండాలి, ఇనపమేకు కనబడకూడదు. వడ్రంగి పోతులూరయ్య ఆచారిని పిలిచి, కుదిరితే శాలువా కప్పుతాను, కుదరకపోతే ఇక నువ్వు ఉలి ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. పోతులూరయ్యకి అప్పటికే డెబ్భై దాటాయి, చూపు మసక. కొడుకు రథాల పనిమీద పొరుగురాజ్యం వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది కోడలు నాగాంబ ఒక్కతే. మామగారు ఉలి పట్టకపోతే అన్నం సయించని మనిషని ఆ పిల్లకి తెలుసు. అందుకే నేను సాయం పడతాను మామయ్యా అని కొంగు బిగించింది.

ఇద్దరూ అడవికి వెళ్ళారు. అక్కడో జిట్రేగి చెట్టు, ఆకాశానికి ఆనుకుని ఉంది. గొడ్డలితో కొడితే గుడిగంటలా ఖంగుమనే గట్టిచెట్టు. పోతులూరయ్య పసుపు రాసి, బొట్టు పెట్టి, నరకనా అమ్మా అని అడిగాడు. అడగాలి మరి. ఆ చెట్టుమీద ఓ ముసలి దెయ్యం కాపురముంటోంది. భయపడకండి, మంచిదే. మూడొందల ఏళ్ళు తల పైకి, కాళ్ళు కిందికి పెట్టి నిలబడ్డాను, నరుక్కో, కానీ ఎక్కడ నిలబెట్టినా వేరువైపు కిందికి, కొమ్మవైపు పైకి ఉండేలా నిలబెట్టు అంది. పోతులూరయ్య మాటిచ్చాడు. ఊ కొడుతున్నారా?

చెట్టు దుంగయింది, దుంగ పలకయింది, పలక బల్లయింది. రంపం గర్రుమంది, బాడిస టకటకమంది, చిత్రిక సర్రుమంది. మొదటి పలక విడదీసిన రోజు నాగాంబ ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. లోపల ఊదారంగు చారలు ఏరు పారినట్టు వంకర్లు తిరుగుతున్నాయి, గులాబీల వాసన గుప్పుమంది. మూడొందల ఏళ్ళు ఎవరూ చూడనిది తను చూస్తోందని తెలిసి, ఆ పిల్ల చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

బల్లకి నాలుగు, కుర్చీలకి ఎనిమిది, మేజాకి నాలుగు, మొత్తం పదహారు కాళ్ళు. చిత్రిక పట్టాక ఏది వేరువైపో ఏది కొమ్మవైపో ఎవరికీ తెలీదు. అందుకని పోతులూరయ్య ప్రతి కాలికీ వేరువైపున జేగురు చుక్క పెట్టేవాడు. గరుకాకులతో రుద్ది నూనె పట్టించడం నాగాంబ పని. అంత అందం చూస్తూ రుద్దీ రుద్దీ, ఓ కాలికి చుక్క చెరిపేసింది. అడిగితే మామగారు ఏమంటారోనని, ఉజ్జాయింపున ఓ వైపు తనే చుక్క పెట్టేసి ఊరుకుంది. మనింట్లోనూ అలా ఊరుకునేవాళ్ళున్నారు, పేర్లు చెప్పను.

నాలుగు నెలలకి సామాను సావిట్లోకి చేరింది. చూసినవాళ్ళు చూసినట్టే ఉండిపోయారు. బల్లలో మొదలైన చార మేజాలోకి వచ్చి, మేజాలోంచి కుర్చీల్లోకి పాకింది. చెట్టు చెట్టంతా సావిట్లో పడుకున్నట్టుంది. రాజు ఒక కుర్చీలో కూర్చుని హాయిగా నిట్టూర్చాడు. రెండో కుర్చీలో రాజుగారి బావమరిది కూర్చున్నాడు. కూర్చోగానే కుర్చీని వాటేసుకుని, పట్టుకోండి, పైకప్పు మీదికి పడిపోతున్నానని గోల. వాడు దిగాక మంత్రి కూర్చున్నాడు, మంత్రీ అంతే. సేనాపతి కూర్చున్నాడు, సేనాపతీ అంతే. కూర్చున్నవాడికల్లా లోకం తలకిందులు.

రాజుకి కోపమొచ్చింది. పోతులూరయ్య వేళ్ళు ఒక్కొక్కటే తడుముకుని, నా చేతులు చచ్చిపోయాయి ప్రభూ అని పనిముట్ల సంచి రాజు ముందు పెట్టేశాడు. ఆ ముఖం చూశాక నాగాంబకి ఇంక భయం గుర్తురాలేదు. నిండుసభలోకి వచ్చి, చుక్క చెరిపింది నేను, మళ్ళీ పెట్టిందీ నేను, తప్పు ఆయన చేతుల్ది కాదని చెప్పేసింది.

పోతులూరయ్య కోప్పడతాడనుకున్నారు కదూ? కోడలి తల నిమిరాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట. చెప్పి బతికించావమ్మా," అన్నాడు.

కానీ తప్పిన కాలు ఏది? అన్నిటికీ చుక్కలున్నాయి. అన్నీ ఊడదీస్తే కుర్చీ ముక్కలే. నాగాంబ నేలమీద మోకరిల్లి మొదటి కాలికి చెవి ఆనించింది. లోపల నీళ్ళు. చెట్టులో ఎక్కినట్టే, కింద నుంచి పైకి గుసగుసగా ఎక్కుతున్నాయి. చచ్చిందనుకున్న చెట్టు ఇంకా నీళ్ళు తాగుతోంది. రెండో కాలూ అంతే, మూడో కాలూ అంతే. నాలుగోదాంట్లో నీళ్ళు పైనుంచి కిందికి, దారి తప్పిన పిల్లలా ఏడుస్తున్నాయి. ఇదే మామయ్యా అంది.

ఆ కాలు ఊడదీసి తిరగేశారు. తిరగేస్తే, కుర్చీలోకి దూర్చి బిగించే పాత నాలుక కిందికొచ్చింది, దాన్ని కోసెయ్యాలి. పైన కొత్త నాలుక చెక్కాలి. దాంతో కాలు బెత్తెడు పొట్టయింది. వేరే కర్ర లేదు. ఒక్కటి పొట్టయితే అన్నీ పొట్టవ్వాలి, లేకపోతే జత కుదరదు. మామా కోడలూ కూర్చుని పదిహేను కాళ్ళూ బెత్తెడు చొప్పున కోశారు.

మర్నాడు రాజు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పొట్టి చేశారని కసురుకోబోయాడు. అప్పుడేమైంది? ఆఁ, బాగా అందించావు మంగా. గోడవార చాపమీంచి పెద్దావిడ లేచి, లోకాన్ని తలకిందులు చేసిన ఆ కుర్చీలోనే మెల్లిగా కూర్చుంది. రెండు పాదాలూ నేలకానాయి. నమ్మలేక మడమలు నేలకేసి రుద్దుకుంది. ఇన్నేళ్ళకి నా కాళ్ళు నేలని చూశాయిరా అబ్బాయీ అంది. రాజు దిగొచ్చి తల్లి పాదాల దగ్గర నేలమీద కూర్చుండిపోయాడు. శాలువా తెప్పించి నాగాంబకి కప్పితే, ఆ పిల్ల తీసి మామగారికి కప్పింది. నాలుగు సామాన్లలోంచీ గులాబీల వాసన ఒక్కసారి లేచింది. దెయ్యం సంతోషించింది కాబోలు.

అంచేత, తప్పు జరిగితే చెప్పెయ్యండర్రా. చెప్తే మనం బెత్తెడు పొట్టవుతాం, అంతే. ఇంతకీ నా ఆవకాయ జాడీ మూత పగిలి బియ్యం డబ్బా వెనక ఎలా దాక్కుందో?

నువ్వా రాంపండూ? సరే, దగ్గరికి రా. కొట్టనులే. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్ల దారి పడదాం.