రాజుగారి టాప్ లింకు

అనగనగా అని నేనంటే మీరు ఊఁ కొట్టాలి. కొట్టారా? అయితే వినండి.

తంగెడుమడుగు అని ఒక రాజ్యం. దానికి వీరభూపతి రాజు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఒక ట్రాక్టరు కూడా ఉంది. రాజుకు ట్రాక్టరేమిటని అడగకండి. ఏనుగులు తిని కూర్చుంటే మడి ఎవరు దున్నుతారు?

ఆ ట్రాక్టరు నడిపేవాడు ఈరన్న. అతని భార్య సంజమ్మ. మడి దమ్ము చేసేటప్పుడు, ట్రాక్టరు వెనక గిరగిరా తిరుగుతూ బురదను చిలికే రోటవేటరు కత్తులకు గడ్డి చుట్టుకుంటుంది. ఈరన్న రోటవేటరును పైకెత్తి నిలిపితే, సంజమ్మ వెనక నుంచి దాని కిందికి వంగి ఆ గడ్డి లాగేసేది. రోజుకు ఇరవైసార్లు వంగేది. రాజుగారి అన్నంలో ప్రతి మెతుకూ ఆమె నడుము వంగితేనే వచ్చింది. ఆ సంగతి రాజుగారికి తెలియదు.

ఇప్పుడు టాప్ లింకు సంగతి చెప్పాలి. ట్రాక్టరు వెనక పనిముట్టును కింద రెండు ఇనుప చేతులు పట్టుకుంటాయి. పైన మధ్యలో ఒక కడ్డీ పట్టుకుంటుంది. అదే టాప్ లింకు. అది పొడవైతే పనిముట్టు తోక వాలుతుంది, కురచైతే లేస్తుంది. పాత కడ్డీకైతే కిందికి దిగి చేత్తో మర తిప్పాలి.

ప్రతి ఏరువాక పున్నమికీ తొలి చాలు రాజే దున్నాలని ఆ రాజ్యంలో ఆచారం. కిందటేడు రాజుగారు మర తిప్పడానికి దిగి, పట్టుపంచెతో సహా బురదలో కూర్చున్నారు. జనం నవ్వారు. అందుకని ఈసారి సీటు మీంచి దిగకుండా, మీట నొక్కితే నూనె బలంతో సాగి ముడుచుకునే హైడ్రాలిక్ టాప్ లింకు కొనాలనుకున్నారు.

ధనగుప్తుడనే వర్తకుడు మూడు తెచ్చాడు. మొదటిదానికి వెండిపూత, అద్దంలా మెరుస్తోంది. రెండోది అన్నిటికన్నా పొడవు, ఎర్రరంగు. మూడోది కురచ, నలుపు, పక్కన ఒక ఇనుప దిమ్మ.

"ఇది కూలీనాలీ సరుకు ప్రభూ, ఊరికే చూపిస్తున్నా" అన్నాడు వర్తకుడు నల్లదాన్ని పక్కకు నెడుతూ.

ఈరన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సామీ, తప్పైతే మన్నించండి. మీట వదిల్నాంక నూనె యెనక్కి జారకుండా పట్టే తాళం ఆ నల్లదాంట్లోనే ఉండాది. ఆ దిమ్మె అదే. మిగతా రెండిట్లో లేదు. నా ఇంటిది రోజూ దాని కిందికి వొంగుతాది సామీ."

రాజు వర్తకుడి వైపు చూశాడు. "మూడూ నిలుస్తాయి ప్రభూ, చూడండి" అన్నాడు వర్తకుడు. ఒకదాని తర్వాత ఒకటి తగిలించి రోటవేటరు తోక పైకెత్తాడు. మూడూ నిలిచాయి.

"ఇంతసేపు ఏదైనా నిలుస్తాది" అంది వెనక నిలబడ్డ సంజమ్మ. "ఎత్తి అట్లే వదిలేయండి సామీ. నేను ఇంటికి పొయ్యి సంగటి కెలుక్కోని వస్తా. ఏది జారుతాదో, ఏది నిలుస్తాదో మీ కండ్లకే కనపడుతాది."

మాట న్యాయంగానే ఉంది. రాజు తల కూడా ఊపబోయాడు. కానీ తంగెడుమడుగులో సూది కొన్నా ముహూర్తం చూస్తారు.

"మహారాజా! ముహూర్తం అరఘడియే ఉంది. ఆపైన వర్జ్యం. వర్జ్యంలో కొన్న ఇనుము ఇంటికి చేటు" అన్నాడు జోస్యుడు.

సంగటికి ఘడియ కావాలి, ముహూర్తానికి అరఘడియే ఉంది. సంగటి ఓడిపోయింది. రాజుగారు వెండిపూతదాన్ని కొన్నారు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నల్లది వర్తకుడి బండిలోకి పోయింది.

అందరూ విందుకు వెళ్ళారు. వెండి లింకు తగిలించి ఎత్తిన రోటవేటరుతో ట్రాక్టరు వాకిట్లోనే ఉంది. పక్కన పుల్లెద్దు కట్టేసి ఉంది. ట్రాక్టరు రాకముందు తొలి చాలు దున్నింది అదే. అది చూస్తూ ఉండగా రోటవేటరు తోక వేలెడు దిగింది. రెండు వేళ్ళు దిగింది. పాయసం వడ్డించేసరికి నాలుగు వేళ్ళు దిగింది. వర్తకుడు చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, మీట నొక్కి మళ్ళీ పైకెత్తి లోపలికి పోయాడు.

పుల్లెద్దు ఈరన్నతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఈరన్న పరుగున రాజు దగ్గరికి వెళ్ళాడు.

"ఎద్దు సాక్ష్యమా?" అని పకపకా నవ్వాడు మంత్రి. "ట్రాక్టరొచ్చాక దాని పని పోయింది ప్రభూ. కడుపుమంట."

ఈరన్న మూడోసారి నోరు తెరిచాడు. "పోనీ సామీ, కిందికి వొంగేటప్పుడు ఊతంగా ఒగ మొద్దన్నా పెట్టుకుంటాం. సెలవియ్యండి."

"రాజుగారి యంత్రానికి కట్టె ఊతమా?" కస్సుమన్నాడు మంత్రి. "పొరుగు రాజు చూస్తే ఏమంటాడు? మొద్దు కనిపిస్తే నీ కొలువు ఊడుతుంది."

ఈరన్న తిరిగొచ్చి భార్య ముందు నిలబడ్డాడు. "కొలువు ఇడిసిపెడదామా?" అన్నాడు.

"ఇడిసి ఏం తినాలయ్యా?" అంది సంజమ్మ. "నేను చూసుకుంటాలే. నువ్వు భయపడొద్దు."

ఏరువాక పున్నమి వచ్చింది. రాజుగారు సీటు దిగకుండానే మీట నొక్కారు. వెండి కడ్డీ ఎండలో తళతళలాడింది. జనం జేజేలు కొట్టారు. ఒక్క చాలు దున్ని రాజుగారు పల్లకీ ఎక్కారు. మిగిలిన నలభై ఎకరాలు ఈరన్నకు మిగిలాయి.

మిట్టమధ్యాహ్నానికి నూనె సలసల కాగి నీళ్ళలా పలచబడింది. కత్తులకు గడ్డి చుట్టుకుంది. ఈరన్న రోటవేటరు ఎత్తి, ఇంజను ఆపాడు. సంజమ్మ మోకాటిలోతు బురదలో నిలబడి వంగింది. పొద్దున్నించీ పన్నెండుసార్లు వంగింది, ఒక కన్ను తోక మీదే పెట్టి వంగింది. ఈసారీ చూసింది. తోక దిగడం చూసింది. ఒక కాలు లాగేసుకుంది. రెండో కాలిని బురద వదల్లేదు.

ఈరన్న అరుపు కోట దాకా వినపడింది.

వైద్యుడు సంజమ్మ ప్రాణం నిలబెట్టాడు, కుడి పాదం మాత్రం తీసేశాడు. ఆ సాయంత్రమే నల్ల లింకు కొన్నారు. అప్పుడు వర్జ్యం నడుస్తోంది. జోస్యుడు పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు. ధనగుప్తుడు మాత్రం, "తాళం ఉన్నదే మంచిదని నేను మొదట్నించీ అంటున్నాను ప్రభూ" అన్నాడు. వాడి నాలుక కూడా బాగా నూనె పట్టిందే.

రాజుగారు దయగలవారు. పెద్దల దయ ఎప్పుడూ అంతా అయిపోయాకే బయల్దేరుతుంది. మేళతాళాలతో ఈరన్న గుడిసెకు స్వయంగా వచ్చారు. మంత్రి పళ్ళెం మీది పట్టుగుడ్డ తీశాడు. అందులో ఒక జత కాలి కడియాలు. మేలిమి వెండి, చెరొకటి పావుశేరు బరువు.

"తీసుకో సంజమ్మా, నీకోసమే చేయించాం" అన్నారు రాజుగారు.

సంజమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఒక కడియం తీసుకుని, పళ్ళేన్ని వెనక్కి జరిపింది.

"ఒగటి చాలు సామీ" అంది.

మేళం ఆగిపోయింది. రాజుగారు తల వంచుకున్నారు. ఎంత వంచుకుంటే మాత్రం ఏం లాభం?

పిల్లలూ, పనిముట్టు మంచిచెడ్డలు దాని కిందికి వంగేవాళ్ళనే అడగాలి; అదీ కొనకముందే అడగాలి.