పేరు లేని ఫ్రేము

అక్కులప్ప మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మదనపల్లె చుట్టుపక్కల బడుల్లో ముప్పయ్యేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత సైకిల్ పందేలకు వెళ్లేవాళ్లకు శిక్షణ ఇస్తూ ఉండేవారు. తెల్లవారగానే ఐదారుగురు శిష్యులతో హార్స్‌లీ కొండదారి పట్టేవారు. దారిలో ఎవరికైనా సందేహం వస్తే "చూద్దాం పద" అనేవారు. ఆ చూడటం ఒక్కోసారి తర్వాతి మలుపుకే అయిపోయేది, ఒక్కోసారి వారాలు పట్టేది. చౌడేశ్వరి అడిగిన ప్రశ్నకు మాత్రం రెండు నెలల పైనే పట్టింది.

చౌడేశ్వరిది నీరుగట్టువారిపల్లె. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద తల్లి, ఇంకొకదాని మీద తను పట్టుచీరలు నేస్తారు. ఇరవై మూడేళ్ల ఆ అమ్మాయికి గుంటమగ్గంలో కాళ్లు ఆడించీ ఆడించీ వచ్చిన బలమో ఏమో, కొండ ఎక్కడంలో మగపిల్లలు కూడా ఆమె వెనకే ఉండేవారు. కానీ ఆమె తొక్కేది మాస్టారి దగ్గరున్న పాత ఇనుప సైకిల్. దాంతో కొండ ఎక్కడమంటే ఇంకో మనిషిని వీపున వేసుకుని ఎక్కినట్టే. ఆ ఏడాది రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ అదే కొండ మీద పెట్టారు. మొదటి నలుగురినే తీసుకుంటారు. పేరున్న కంపెనీల తేలిక సైకిళ్లు ఆమెకు అందే ధరలో లేవు.

అప్పుడు ఇర్ఫాన్ ఒక దారి చూపించాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి అతనిది. పొద్దున్నే వీళ్లతోపాటు సైకిల్ తొక్కుతాడు. చైనాలో షియామెన్ అనే ఊళ్లో ఒక కార్ఖానా వాళ్లు కార్బన్ ఫైబర్ ఫ్రేములు, హ్యాండిళ్లు, చక్రాలు చేసి నేరుగా కొనేవాళ్లకే పంపుతారనీ, మధ్యలో ఏ కంపెనీ ముద్రా ఉండదు కాబట్టి ధర తక్కువనీ ఫోనులో బొమ్మలు చూపించాడు. చౌడేశ్వరి రెండేళ్లుగా దాచుకున్నది దానికి సరిపోతుంది. ఆమె ఆ బొమ్మను పెద్దది చేసి అటూ ఇటూ తిప్పి చూసింది. నల్లటి ఫ్రేము. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"సార్, దీనిమీద ఎవరి పేరూ లేదు. పేరు లేనిదాన్ని నమ్మి కొండ దిగేదెట్ల? మలుపులో అది విరిగితే నేను మిగులుతానా? అడగాలన్నా ఎవర్ని అడిగేది?" అంది.

అది ఊరికే పుట్టిన భయం కాదు. ఆ కొండ దిగేటప్పుడు సైకిళ్లు మోటారుబండ్లను దాటిపోతాయి. మాస్టారికి ఆ సంగతి ఆమెకన్నా బాగా తెలుసు. అయినా ఆయన అన్నది ఒక్కటే: "చూద్దాం. తెప్పించు పాపా."

నెల తిరక్కముందే పెట్టె వచ్చింది. మాస్టారి ఇంటి వసారాలో విప్పారు. చౌడేశ్వరి ఆ ఫ్రేమును ఒక వేలి మీద ఎత్తి పకపకా నవ్వింది. ఇర్ఫాన్ అప్పుడే పానాలు తీసి చక్రాలు బిగించబోయాడు. మాస్టారు ఆపారు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి చౌడేశ్వరి చేతికిచ్చి, "ముందు విను" అన్నారు. కార్బన్ ఫ్రేమును సన్నటి పొరలు పేర్చి అతికించి చేస్తారు; లోపల ఆ పొరలు విడిపోయి ఉంటే బయటికి కనబడదు. బిళ్లతో తట్టినప్పుడు చప్పుడు మారుతుంది. ఆమె పై గొట్టం నుంచి మొదలుపెట్టి వేలెడు వేలెడు దూరంలో తట్టుకుంటూ వచ్చింది. టక్, టక్, టక్ అని పొడిగా, ఒకే తీరుగా పలికింది. కింది గొట్టం చివర, పెడళ్ల ఇరుసు కూర్చునే చోటికి జానెడు పైన, చప్పుడు మొద్దుబారింది. మళ్లీ తట్టింది. మళ్లీ అంతే. ఇర్ఫాన్ కూడా చెవి ఆనించి విన్నాడు. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"నేను అప్పుడే అన్నా గదా సార్."

"నాతో అంటే ఏమొస్తుంది? చేసినోళ్లతో చెప్పు" అన్నారు మాస్టారు.

ఇర్ఫాన్ ఆ చప్పుడును రికార్డు చేసి, పోటీ సంగతి కూడా రాసి పంపాడు. మర్నాటికల్లా జవాబు వచ్చింది. రాసినావిడ పేరు వెన్. ఆ కార్ఖానాలో కొనేవాళ్లతో మాట్లాడే ఉద్యోగి. "అనుమానం ఉంటే దయచేసి దాని మీద ఎక్కకండి. వెనక్కి పంపితే మేము చూసి చెబుతాం, కానీ మీ పోటీలోగా అది తేలదు. లేదంటే ఆ చోట మీరే కోసి, లోపలి ఫొటో పంపండి. తప్పు మాదైతే వేరే ఫ్రేము పంపుతాం" అని ఉంది. తప్పు లేకపోతే ఏమిటన్నది అందులో లేదు. చౌడేశ్వరి అది గమనించింది. ఆ రోజంతా మగ్గం మీద కూర్చుందే గాని పని సాగలేదు. మూడుసార్లు పోగు తెగింది. మరుసటి పొద్దున మాస్టారి దగ్గరికి వచ్చి, "కోస్తా సార్. అనుమానంతో ఎక్కితే ప్రతి మలుపులోనూ బ్రేకులే పట్టుకుంటా. దానికి ఇనుప సైకిలే మేలు" అంది.

మాస్టారు రంపం తెచ్చిచ్చారు. పొడి లోపలికి పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నారు. ఆయన నీళ్లు చల్లుతూ ఉంటే, ఇర్ఫాన్ గట్టిగా పట్టుకుంటే, ఆమె కోసింది. కొత్త ఫ్రేము రెండు ముక్కలైంది. టార్చి వేసి చూస్తే గొట్టం లోపలి గోడకు అరచేతి వెడల్పున ఒక రబ్బరు ముక్క మడతపడి అతుక్కుని ఉంది. ఇర్ఫాన్ ఫోనులో వెతికి చెప్పాడు: ఫ్రేము చేసేటప్పుడు పొరలను అచ్చుకు అదిమి పట్టడానికి లోపల ఒక రబ్బరు సంచిలో గాలి నింపుతారట, పని అయ్యాక లాగేస్తారట. ఆ సంచి ముక్క ఒకటి లోపల ఉండిపోయింది. చప్పుడు మొద్దుబారింది దానివల్లే. చౌడేశ్వరి దాన్ని గోటితో గీకి ఊడదీసి, బిళ్లతో మళ్లీ తట్టింది. టక్ మని పలికింది.

ఆమె ఆ కోసిన అంచును వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూసింది. బియ్యపుగింజ మందం కూడా లేని ఆ గోడలో సన్నసన్నటి పొరలు. రెండు గొట్టాలు కలిసే చోట వాటి అంచులన్నీ ఒకే దగ్గర ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి, మెట్లు కట్టినట్టు, బలం ఒక్కచోటే తెగిపోకుండా కొద్దికొద్దిగా జరిగి ఆగాయి. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా పోగు వంకరపోలేదు. ఎవరూ ఎన్నడూ చూడని చోట అంత ఓపికగా పేర్చారు. ఆమె వేలితో ఆ మెట్లను తడిమింది.

"ఇది చెయ్యి తిరిగిన మనిషి పని సార్" అంది. ఆ మాట అన్నాక గాని తను చేసిందేమిటో ఆమెకు తట్టలేదు. మంచి ఫ్రేమును తన చేతులతోనే కోసేసింది. వసారా మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ఇర్ఫాన్ మంచివాడు. ఆమె ఏడుపు చూడలేక, "ఏడవద్దు చౌడేశ్వరీ. రబ్బరు తీయకముందు నేను ఫొటో తీసినా. దాంట్లో చూస్తే పొర చీలినట్టే ఉంది. అదే పంపుదాం. చైనా నుంచి ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని ఫోను తీసుకుని ఆ ఫొటో చూసింది. నిజమే, చీలినట్టే ఉంది. పోటీకి ఇంకా ఐదు వారాలే. ఆమె మాస్టారి వైపు తిరిగి, "ఏం రాసేది సార్?" అని అడిగింది. మాస్టారు రంపం కడుగుతున్నారు.

"కోసింది నువ్వు, చూసింది నువ్వు. నన్నడిగితే నాకేం తెలుస్తుంది?" అన్నారు.

ఆమె తెలుగులో చెప్పింది; ఇర్ఫాన్ దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు. "అమ్మా వెన్ గారూ, కోసి చూసినాం. లోపల రబ్బరు ముక్క తప్ప తప్పేమీ లేదు. ఫ్రేము బాగుంది. నేను పట్టుచీరలు నేసేదాన్ని, నాకు చేతిపని తెలుస్తుంది. మీ దగ్గర పొరలు పేర్చినవాళ్లు అంచులు మెట్లుమెట్లుగా వదిలినారు. అంత శుభ్రమైన పని నేను చూడలేదు. వాళ్లెవరో గాని, అనుమానపడి వాళ్ల పనిని పాడుచేసినా. నన్ను మన్నించమని చెప్పండి." ఫొటోలన్నీ జతచేసి పంపారు. రబ్బరు ఉన్నవీ, తీసినవీ.

రెండు రోజులు జవాబు లేదు. చౌడేశ్వరి ఆ ముక్కలను గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టి, ఇనుప సైకిల్ మీదే కొండ ఎక్కడం మొదలుపెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఇర్ఫాన్ అంగడి మూసేసి నేరుగా మగ్గం దగ్గరికే వచ్చాడు. ఆమెను బయటికి పిలిచి, ఫోనులో చూస్తూ ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పాడు.

వెన్ ఇలా రాసింది: "మీ ఫ్రేము పొరలు పేర్చినావిడ పేరు క్విన్. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తోంది. మీరు రాసింది చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమంది. మా దగ్గర కూడా అప్పుడప్పుడు ఫ్రేములు కోస్తారు, తప్పు వెతకడానికి. బాగుందని చెప్పడానికి ఇంతవరకు ఎవరూ రాయలేదట. మీరు పంపిన ఫొటోను ఆవిడ తన బల్ల ఎదుట గోడకు అంటించుకుంది. ఇక రబ్బరు సంగతి. దాన్ని పూర్తిగా తీయకుండా పంపడం మా తప్పే. మీ అనుమానానికి మేమే కారణం కాబట్టి ఇంకో ఫ్రేము పంపుతున్నాం. దాన్ని కూడా క్విన్ పేర్చింది. రబ్బరు తీసేశామో లేదో తానే టార్చి వేసి చూసింది."

చౌడేశ్వరి లోపలికి వెళ్లి తల్లికి చెప్పింది. ఆ తల్లి ఎన్నడూ మదనపల్లె దాటిన మనిషి కాదు. మగ్గం ఆపి, అంతా విని, "ఆ యమ్మ చల్లగా ఉండనీ" అని మళ్లీ పనిలో పడింది.

రెండో పెట్టె పోటీకి తొమ్మిది రోజుల ముందు వచ్చింది. వసారాలో విప్పగానే చౌడేశ్వరి తానే చెయ్యి చాచింది. మాస్టారు రూపాయి బిళ్ల ఇస్తూ, "ఇంత మంచివాళ్లు పంపినారు గదా, తట్టేదెందుకు?" అన్నారు, పరీక్షగా చూస్తూ.

"ఆ అక్క ఇక్కడుంటే ఆమె కూడా తట్టే చూస్తుంది సార్" అంది.

ఈ చివర నుంచి ఆ చివరదాకా తట్టింది. ఒకే చప్పుడు. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని బిగించారు. హ్యాండిలు, సీటు గొట్టం, చక్రాలు మొదటి పెట్టెలో వచ్చినవే. గేర్లు, బ్రేకులు పాత సైకిల్‌వి. కార్బన్‌కు మితిమీరి బిగిస్తే పగులుతుందని మాస్టారు కొలత పానా పెట్టి ఒక్కో మరనూ తానే సరిచూశారు. మర్నాడు చౌడేశ్వరి కొండ ఎక్కి, దిగింది. దిగేటప్పుడు ఆమె ఎక్కడ బ్రేకు పట్టిందో ఎక్కడ వదిలిందో వెనక నుంచి మాస్టారు గమనిస్తూ వచ్చారు. అవసరమైన చోట తప్ప పట్టలేదు.

పోటీ రోజు ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. మూడో ఆమెకూ తనకూ మధ్య చాలా దూరం ఉంది గాని, ఐదో ఆమె రెండు సెకన్ల వెనకే ఉంది. ఇర్ఫాన్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. కొండమీద చెట్ల కింద ఆమె సైకిల్ చుట్టూ జనం మూగారు. ఖరీదైన సైకిల్ ఉన్న ఒకాయన వంగి, గొట్టాలన్నీ వెతికి, "ఏ కంపెనీదమ్మా ఇది? పేరే లేదే" అన్నాడు.

"క్విన్ అక్క చేసింది సార్" అంది చౌడేశ్వరి.

"క్విన్ అక్కనా? ఆ బ్రాండు నేనెప్పుడూ వినలేదే" అని ఆయన ఫోనులో వెతకబోయాడు.

జట్టులో చేరడానికి వెళ్లేలోపు చౌడేశ్వరి ఒక పని పూర్తిచేసింది. చీర నేయగా మగ్గం మీద మిగిలిన పడుగుతో మెడకు చుట్టుకునే పట్టుగుడ్డ ఒకటి నేసింది. వంకాయ రంగు, సన్నటి ఆకుపచ్చ అంచు. నేయాల్సింది ఇంకో రెండు వేళ్లు మిగిలి ఉండగా మాస్టారిని ఇంటికి పిలిచింది. ఆయన చెప్పులు విడిచి మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు.

"షియామెన్‌లో క్విన్ అక్కకు పంపేది సార్. ఇన్నేళ్లలో ఎన్ని చీరలు నేసినామో, దేనిమీదా మా పేరు వేసింది లేదు. దీనిమీద నా పేరు నేసేదా, వద్దా?"

మాస్టారు ఆ గుడ్డ అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వంగి వెనక వైపు చూశారు. అక్కడ కూడా ఒక్క పోగు వేలాడటం లేదు. చిన్నగా నవ్వారు.

"అది నీ ఇష్టం పాపా. తిరగేసి చూడమని మాత్రం రాయి."