సన్యాసమ్మ మోకాలి నొప్పి

పరాంకుశంగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులేసుకుంటారు, జవాబు ఆ తర్వాత. డాక్టర్ల పరిశోధనలకు గణాంకాలు కట్టడంలో తలపండిన మనిషి.

ఆ రోజు ఆయన శిష్యురాలు యామిని చిందులు తొక్కుతూ వచ్చింది. “మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి కొత్త నొప్పి మాత్ర ఇచ్చి చూశారు కదా గురువుగారూ, ఏడాదిగా ఆ లెక్కలన్నీ నేనే కట్టాను. వ్యాసం మీద మాత్రం చక్రపాణిగారి పేరూ, ఆయన జూనియర్ల పేర్లూ! నన్ను కరివేపాకులా తీసి పారేశారు. ఈ వృత్తిలో పైకి రావాలంటే ఇంకేం చెయ్యాలి?”

“పద,” అన్నారాయన.

వార్డులో సర్జన్ చక్రపాణిగారు ఒక్కో మంచం చూసుకుంటూ వస్తున్నారు. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన సన్యాసమ్మ అనే ముసలావిడ దగ్గర ఆగి, “ఏం మామ్మా, మాత్రతో నొప్పి తగ్గిపోయిందిగా?” అన్నారు నవ్వుతూ. ఆవిడ రెండు చేతులూ జోడించి, “తగ్గిపోనాది బాబూ, తమరి దయ,” అంది. “నొప్పి పదికి రెండు, రాసుకో,” అని నర్సుతో చెప్పి ఆయన ముందుకెళ్ళారు.

పరాంకుశంగారు ఆవిడ మీదికి వంగి, “నిజంగా తగ్గిందా తల్లీ?” అని మెల్లగా అడిగారు.

“పేణం తోడేస్తంది నాయనా. అంత పెద్ద డాక్టరుబాబు తగ్గిపోనాదిగా అంటే, నేదని ఎలా సెప్తాను?”

యామినికి ఒళ్ళు మండిపోయింది. తను ఏడాదిగా కూడినవి అంకెలు కావు, ఇలాంటి మర్యాదలు! వ్యాసం అచ్చయితే ఊరూరా డాక్టర్లు ఈ మాత్రే రాస్తారు, కోతపడ్డ కాళ్ళతో జనం పళ్ళ బిగువున పడుకుంటారు. గబగబా వెళ్ళి చక్రపాణిగారికి అడ్డం నిలబడింది. “సార్, తగ్గిందిగా అని మీరే అంటే ఎవరు కాదంటారు? ఈ అంకెలు ఎందుకూ పనికిరావు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.”

ఆయన ముఖం జేవురించింది. “మొదలుపెట్టిన రోజు చెప్పాల్సిన మాట, వ్యాసం పంపే రోజు చెప్తావా? ఏడాదంతా ఏం చేస్తున్నావ్?”

ఆ అరుపు వార్డంతా వింది. యామిని కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. “చూశారా గురువుగారూ, తప్పు ఆయనది, తిట్లు నాకు!”

పరాంకుశంగారికి కోపం రాదని అందరూ అంటారు. ఉత్త మాట. ఆ పూట ఆయనకి వచ్చింది.

“వీళ్ళ నొప్పికి ఏడాదిగా లెక్క కడుతున్నావు,” అన్నారు. “ఈ వార్డుకి దారి ఇవాళ నేను చూపించాల్సొచ్చింది.”