స్వామివారి కునుకు

నాగావళి ఒడ్డున ఆశ్రమం నడిపే విమలానందస్వామికి, ఎవరేమడిగినా అప్పటికప్పుడు జవాబిచ్చే అలవాటు లేదు. ఆయన శిష్యురాలు హైమవతికేమో ప్రతిదానికీ జవాబు వెంటనే కావాలి. రోజూ మధ్యాహ్నం ఆవిడ ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి, వెనకబడిన పిల్లలకు జీతం బత్తెం లేకుండా చదువు చెప్పి వచ్చేది. ఎవరూ వెళ్ళమనలేదు, పిల్లలంటే ప్రాణం, అంతే.

ఒకనాడు దిగులుగా వచ్చి కూర్చుంది. మూడో తరగతి పైడితల్లి, పుస్తకం చేతికిస్తే చాలు, నోరు కుట్టేసినట్టు కూర్చుంటోందట. చదువు రానిదానికి బడెందుకు, రేపే మాన్పించి మేకల వెంట పంపుతానని తల్లి తెగేసి చెప్పిందట. "తప్పు చదివిన ప్రతి మాటా దిద్దుతూనే ఉన్నాను స్వామీ. ఇంకా ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

మర్నాడు స్వామి ఆమె వెంట బడికి వెళ్ళి, బాదంచెట్టు నీడ పడే వరండాలో ఉత్తరీయం తలకింద పెట్టుకుని మేను వాల్చారు. ఏటి మీంచి చల్లగాలి వస్తోంది.

"రాత్రి కన్ను మూతపడలేదే తల్లీ," అన్నారు పైడితల్లితో. "నువ్వు చదువుతూ ఉంటే ఓ కునుకు తీస్తాను. నీ గొంతు ఆగిందంటే మాత్రం మెలకువ వచ్చేస్తుంది."

పిల్ల దిక్కులు చూసింది. ముసలాయన మీద జాలేసిందో ఏమో, దారి తప్పిన మబ్బు కథ తీసి, పెదవి కదిపీ కదపనట్టు మొదలుపెట్టింది. తడబడుతూ, ఆగి మళ్ళీ అందుకుంటూ చదువుతూంటే మబ్బు కొండ దాటింది, ఏరు దాటింది. స్వామి నిజంగానే గుర్రు పెట్టారు. గాలి మెల్లగా పేజీ ఎత్తుతోంది, పిల్ల వేలితో అణుచుకుంటోంది. ఆ గొంతుకి వరండాలో ఎండ కూడా జోగుతున్నట్టుంది. ఒకచోట తప్పు దొర్లితే హైమవతి దిద్దబోయింది. పైడితల్లి పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ఉష్... తాత లెగిసిపోతాడు, టీచరమ్మా."

పిల్లను తీసుకుపోదామని మేకలతో సహా వచ్చిన తల్లి మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడే చతికిలబడి కథ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత పిల్లను పిలవకుండానే మేకల్ని తోలుకుని వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో హైమవతి ఉండబట్టలేక, పిల్ల ఎక్కడ తడబడిందో, ఏ అక్షరం మింగిందో ఏకరువు పెట్టింది. స్వామి అంతా విన్నారు.

"సరేగాని అమ్మా, ఆ మబ్బు ఇల్లు చేరిందా?"

హైమవతి నోరు తెరిచింది. ఏమీ గుర్తు రాలేదు. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనంటే నిద్రపోయాను," అన్నారు స్వామి. "రేపు మనిద్దరం వెళ్ళి ఆ పిల్లనే అడుగుదాం."