జడకోలాటంలో పడ్డ ముడి

కోలాటం గురువు పెంచలయ్యకు ఒక అలవాటు ఉండేది. ఎవరేది అడిగినా వెంటనే బదులు చెప్పేవాడు కాదు. ఇత్తడి తాళాలు ఒళ్ళో పెట్టుకుని, చింతపండు పిప్పితో తోముతూ కూర్చునేవాడు. అడిగినవాళ్ళు కాసేపు చూసి, ముసలాయనకు చెవుడు వచ్చినట్టుంది అనుకుని లేచిపోయేవారు. జవాబు మాత్రం ఆ రోజో మర్నాడో, వాళ్ళు ఊహించని చోట ఎదురయ్యేది.

కామాక్షి ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది తిరునాళ్ళకు తొమ్మిది రోజుల ముందు. ఆమె అంగన్‌వాడీ టీచరు, పన్నెండేళ్ళుగా ఆయన శిష్యురాలు. గురువుకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ తిరునాళ్ళ నుంచి తాళాలు ఆమె చేతికిచ్చి, తను పక్కన కూర్చుని చూస్తానన్నాడు. జట్టును నడిపే మొదటి ఏడే కొండగుడి ముందు నవ్వులపాలవుతానేమోనని కామాక్షికి బెంగ పట్టుకుంది.

"ఒక్కరి వల్ల పదకొండుమంది ఆట చెడిపోతుంటే, జట్టు నడిపేవాళ్ళు ఏం చెయ్యాల గురువుగారూ?"

ఆ ఒక్కరు ఎవరో పేరు పెట్టి చెప్పక్కర్లేదు. వెంగమ్మ. ఏడాది కిందట భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె ధ్యాస ఆటమీద నిలవడంలేదు. ఆడుతూ ఆడుతూ నిలబడిపోతుంది, పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి కదులుతుంది. పొద్దంతా రొయ్యల షెడ్డులో పొట్టు వలిచి, నానిపోయిన వేళ్ళతో వచ్చి కోల పట్టుకునేది. ఆమెకు రోజు మొత్తంలో నలుగురితో నవ్వే గంట అదొక్కటే. ఆ సంగతి కామాక్షికీ తెలుసు. అందుకే పేరెత్తకుండా అడిగింది.

గురువు తోమడం పూర్తిచేసి, తాళాలు పైపంచెతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఈరోజు జడకోలాటం నువ్వే ఆడించమ్మే," అన్నాడు.

జడకోలాటం చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బడి ఆవరణలో ఒక గుంజ, దాని తలమీద చక్రం, చక్రం నుంచి వేలాడే పన్నెండు తాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుని, ఆరుగురు ఇటు, ఆరుగురు అటు తిరుగుతారు. ఎదురైన మనిషిని ఒకసారి లోపలినుంచి, ఇంకోసారి బయటినుంచి దాటుకుంటూ పోతే తాళ్ళన్నీ జడలాగా అల్లుకుంటాయి. ఏడు చుట్లు అల్లాక, అవే ఏడు చుట్లు వెనక్కి ఆడి జడ విప్పాలి. అల్లడం ఎవరైనా అల్లుతారు. విప్పడంలోనే ఉంది తంటా అంతా. పెంచలయ్య జట్టులో ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరి తాడు వాళ్ళు తమ పాతచీరతో పేనుకోవాలి. జట్టు విడిచిపోయేవాళ్ళకు ఆ తాడు కోసి చేతికిచ్చేస్తారు. వెంగమ్మది ఆకుపచ్చ తాడు. భర్త ఆఖరిసారి కొనిపెట్టిన చీర అది.

కామాక్షి తాళం వేసింది, పాట ఎత్తుకుంది. మూడు చుట్లు చూడముచ్చటగా సాగాయి. ఏడో చుట్టుకి వచ్చేసరికి జడ నడుమ బొప్పికట్టినట్టు ఒక ముడి కనిపించింది.

"ఎవరు తప్పింది?" అంది కామాక్షి.

పదకొండు జతల కళ్ళు వెంగమ్మ వైపు తిరిగాయి. వెంగమ్మ తల దించుకుంది.

కామాక్షి జట్టును వెనక్కి ఆడించింది. ఈసారి అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, గురువు నేర్పింది నేర్పినట్టు తప్పులేకుండా అడుగులు వేశారు. ముడి విడలేదు సరికదా ఇంకా బిగిసింది. విప్పిన చుట్లు మళ్ళీ అల్లి, మళ్ళీ వెనక్కి ఆడించింది. అంతే. తొమ్మిది రోజుల్లో తిరునాళ్ళు. కామాక్షికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"స్వర్ణా, మీ ఇంట్లో కత్తెర ఉంటే పట్రా. పచ్చతాడు కోసేస్తే మిగతాది అదే వస్తాది."

ఆ మాటకు వెంగమ్మ తాడు కొసను రెండు చేతులా పట్టుకుంది. ఆ పట్టు కామాక్షి చూసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. జట్టులో ఆడే స్వర్ణ ఇల్లు బడి ఎదురుగానే. ఆమె వెళ్ళి కత్తెర తెచ్చి, ఎవరికీ ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకుని నిలబడింది.

అప్పటిదాకా అరుగుమీద కూర్చుని చూస్తున్న గురువు మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చాడు.

"కొయ్యొచ్చులే. ముందు నాకొకటి చెప్పమ్మే. తాళం యాడ ఉరికింది?"

కామాక్షి ముఖం ఎర్రబడింది. ఉరకలేదని చెప్పొచ్చు. పన్నెండుమంది ముందు, చేతికి తాళాలొచ్చిన మొదటి రోజే ఒప్పుకోవడం ఎంత నామోషీ! కానీ వెంగమ్మ వేళ్ళు ఇంకా ఆ తాడు కొసను వదల్లేదు.

"నాలుగో చుట్టులో," అంది కామాక్షి మెల్లగా. "వెంగమ్మక్క యాడ తప్పుతాదోనని ఆయమ్మనే చూస్తా ఉండా. నా చెయ్యి నాకు తెలీకుండా తొందరపడింది. తప్పు నాదే."

కత్తెర పట్టుకున్న స్వర్ణ గొంతు సవరించుకుంది. "తాళం అందుకోలేక నేను ఆడ లోపలికి పోవాల్సింది బయటికి పొయినా అక్కా. చెప్తే తిడతావని చెప్పలా."

"నేనూ తప్పినా," అంది వెంగమ్మ. ఆ సాయంత్రం ఆమె నోరు తెరవడం అదే మొదలు. "ఐదో చుట్టులో. స్వర్ణ తాడు ఉండాల్సిన చోట లేదు. దిక్కు తోచక దాని కిందనుంచి దూరినా."

"ఇంకేం, వేసిన అడుగే వెయ్యండి," అన్నాడు గురువు. "తప్పిన చోట తప్పినట్టే పోవాల. ఆడ సరిగ్గా ఆడితే ఇంకో ముడి పడతాది."

విప్పిన చుట్లు మళ్ళీ అల్లి, బిగిసిన ముడిని కాస్త వదులుచేసుకుని, కామాక్షి తాళం నెమ్మదిగా వేసింది. ఏడు, ఆరు. ఐదో చుట్టులో వెంగమ్మ దూరిన చోటే మళ్ళీ దూరింది, ఆమెకు దారి ఇవ్వడానికి అందరూ ఒక క్షణం ఆగారు. ముడి సగం జారింది. నాలుగో చుట్టులో స్వర్ణ బయటినుంచి వచ్చింది. మిగిలిన మూడు చుట్లూ ఆడేసరికి తాళ్ళన్నీ సరసరా జారి ఎవరిది వాళ్ళ చేతికి వచ్చేశాయి. ఆడవాళ్ళు చిన్నపిల్లల్లాగా కేకలేశారు. వెంగమ్మ పచ్చతాడు చెంపకు ఆనించుకుని నవ్వింది. ఏడాదిలో ఆమె అలా నవ్వడం కామాక్షి చూడలేదు. తనకు కళ్ళనీళ్ళు తిరిగితే పైటకొంగుతో అద్దుకుంది.

అందరూ వెళ్ళాక కామాక్షి తాళాలు గురువు ఒళ్ళో పెట్టబోయింది. ఆయన పుచ్చుకోలేదు.

"నేనడిగినదానికి మీరేం చెప్పలేదు గదా," అంది.

"ముందు నువ్వు చెప్పు. ఈపొద్దు అన్నిటికంటే ముందు విడిన ముడి ఎవరిది?"

"వెంగమ్మక్కదే గదా. ఐదో చుట్టులో."

పెంచలయ్య చింతపండు పిప్పి ఉన్న ముంతను ఆమె వైపు జరిపాడు.

"అంతకు ముందే ఒకటి విడింది, తాళ్ళల్లో కాదు," అన్నాడు. "తాళాలు తోముకుంటా కూర్చో. గుర్తొస్తాది."